సూది మొన ఎక్కడుంది

మార్చి 3, సోమవారం

ఎవరికీ చెప్పనక్కర్లేని సంగతులు కొన్ని ఉన్నాయి కాబట్టి ఈ పుస్తకం తీశాను. మందుల కంపెనీ వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన పాత డైరీ. అచ్చులో ఉన్న వారాలు కొట్టేసి నావి రాసుకుంటున్నాను.

మొదటి సంగతి. పోయిన గురువారం తాళాల ఆయన దగ్గాడు. తాళాలు బాగుచేసే మనిషి, కాలి రక్తనాళం మూసుకుపోయి నా దగ్గరికి వచ్చాడు. సరిగ్గా నేను గజ్జలో సూది దించే క్షణంలో దగ్గాడు. పడాల్సిన చోటికి రెండు వేళ్ళ పైన పడింది సూది. అందుకే లోపల రక్తం కారింది. సాయంత్రానికి నడుం నొప్పి అన్నాడు, బీపీ పడిపోయింది. మళ్ళీ మేం సూదులు, బెలూన్లు వేసే ల్యాబ్‌లోకి తీసుకెళ్ళి, అవతలి కాలి వైపు నుంచి లోపలికి వెళ్ళి ఆ చిల్లు మూశాను. నాలుగు సంచుల రక్తం ఎక్కించాం. బతికాడు.

రిపోర్టులో అదే రాశాను: రోగి దగ్గడం వలన.

పందొమ్మిదేళ్ళుగా మూసుకుపోయిన కాళ్ళను తెరుస్తున్నాను. తెరవాలంటే ముందు రక్తనాళంలోకి దారి చేసుకోవాలి. దారి అంటే సూది, ఆ సూదిలోంచి వైరు, ఆ వైరు మీద బెలూన్. దారి సరిగ్గా పడితే సగం పని అయినట్టే. నేను గజ్జ మీద రెండు వేళ్ళు పెడతాను, నాడి పలుకుతుంది, సూది దించుతాను. "ఈవిడ వేళ్ళకు కళ్ళున్నాయి" అని మా విభాగం పెద్దాయన కొత్తగా వచ్చినవాళ్ళకు నన్ను చూపించి చెప్పేవారు.

ఆయన దగ్గాడు. లేకపోతే ఇదంతా ఉండేదే కాదు.

మార్చి 4, మంగళవారం

పెద్దాయన గదికి పిలిచారు. కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఆయన మంచినీళ్ళు ఇచ్చారంటే ఏదో మింగించబోతున్నారని అర్థం.

"ఇకనుంచి ప్రతి కేసులో స్కాన్ పెట్టి, నాళాన్ని తెర మీద చూస్తూ సూది వెయ్యమ్మా. అందరూ. నువ్వు కూడా."

"నేను కూడానా?"

"నువ్వు ముందు."

ఒళ్ళు మండిపోయింది. నిన్న మొన్న వచ్చినవాళ్ళకు నాడి దొరకదు, వాళ్ళకు స్కాన్ కావాలి, సరే. నాకెందుకు? ఇరవై ఏళ్ళుగా కూర వండుతున్న మనిషికి ఉప్పు కొలిచి వెయ్యమని చెంచా ఇచ్చినట్టుంది. ఆ మాటే అన్నాను. ఆయన నవ్వలేదు.

"ఆ తాళాల ఆయన ఎక్స్‌రే ఫిల్ము ఒకసారి చూడు," అన్నారు.

చూడాల్సిన పనేముంది? నేనే చేసిన కేసు.

మార్చి 5, బుధవారం

దగ్గాడు. పక్కనున్న నర్సు కూడా వినే ఉంటుంది. అడగలేదు.

మార్చి 6, గురువారం

నాకు పాఠం చెప్పడానికి స్కాన్ టెక్నీషియన్‌ను పెట్టారు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. అందరూ చుక్కమ్మ అంటారు. ఎందుకంటారో ఈరోజు తెలిసింది. చేతిలో పట్టుకునే ప్రోబ్‌కు ఒక పక్క చిన్న చుక్క ఉంటుంది, తెర మీద కూడా ఒక మూల చుక్క ఉంటుంది. రెండూ ఒకే వైపు ఉండాలి. గదిలోకి ఎవరొచ్చినా నమస్కారం కంటే ముందు ఆ పిల్ల అడిగేది ఒకటే: "చుక్క ఎటుంది?"

తన గజ్జ మీదే జెల్ రాసుకుని చూపించింది. పక్కపక్కన రెండు నల్లటి గుండ్రాలు. ప్రోబ్‌తో నొక్కింది. ఒకటి నలిగి మూసుకుపోయింది, రెండోది నలగలేదు, కొట్టుకుంటూనే ఉంది.

"నలిగింది సిర, నలగనిది ధమని. అంతే మేడమ్."

"అంతేనా? దీనికోసమా ఇంత హడావుడి?" అన్నాను.

తర్వాత సాధన కోసం తెచ్చిన రబ్బరు దిమ్మ మీద సూది నా చేతికిచ్చింది. నేను ఎడమకు జరిపాను. తెర మీద సూది కుడికి పోయింది. ఇంకాస్త ఎడమకు జరిపాను. ఇంకాస్త కుడికి పోయింది. నుదుట చెమట పట్టింది. యంత్రం పాడైపోయిందన్నాను. కొత్తది తెప్పించమన్నాను. సాంతం తిట్టాక చుక్కమ్మ మెల్లగా అంది:

"చుక్క ఎటుంది మేడమ్?"

ప్రోబ్ తిరగేసి పట్టుకున్నాను. పందొమ్మిదేళ్ళ సర్వీసు.

మార్చి 8, శనివారం

ఇంట్లో సాధన చేద్దామని జెలటిన్ ఉడకబెట్టి, అందులో రెండు సన్నటి రబ్బరు గొట్టాలు పెట్టి, గట్టిపడడానికి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర చెంచా పట్టుకుని ఆలోచనలో ఉన్నారు.

"చక్కెర మర్చిపోయావా?"

"అది తినేది కాదు."

"అందుకేనా పైపులొచ్చాయి? నేను సేమ్యా లావుగా ఉందేమిటా అనుకున్నాను."

ఆయన అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం చేస్తారు. ఒక మూల తిన్నది పోగా మిగిలిన దిమ్మ మీద నేను గంటసేపు సూది గుచ్చుతుంటే ఎదురుగా కూర్చుని ప్రూఫులు చూసుకున్నారు. ఒక పేజీ దగ్గర ఆగి తల కొట్టుకున్నారు. పోయిన నెల ఆయన దిద్దిన పుస్తకంలో రచయిత పేరే తప్పు పడిందట.

"ఏం చెప్పారు వాళ్ళకి?"

"ఏం చెప్తాను, నాదే తప్పన్నాను. అరిచి వదిలేశారు. కంపోజింగ్ వాళ్ళ మీదకు నెట్టానంటే ఇప్పటిదాకా కమిటీలు వేసేవాళ్ళు."

మా ఆయనకు నేనింకా తాళాల ఆయన సంగతే చెప్పలేదు.

మార్చి 10, సోమవారం

స్కాన్ చూస్తూ మొదటి కేసు. గజ్జలో పెద్ద ధమని ఒక్కటిగా వచ్చి, కిందికి పోయి రెండుగా చీలుతుంది. ఆ చీలికకు పైన, తొడ ఎముక గుండ్రం మీద, సూది పడాలి. కిందైతే తర్వాత రక్తపు బుడగ కడుతుంది, మరీ పైనైతే రక్తం కడుపు వెనక్కి కారుతుంది. పుస్తకంలో చదివి పాతికేళ్ళయింది. చీలికను కళ్ళతో చూడడం ఈరోజే.

సూది వేశాను. "మొన కనిపిస్తోంది," అన్నాను.

"మీరు చూస్తున్నది సూది నడుం మేడమ్. మొన ఎక్కడో ముందుకెళ్ళిపోయింది."

గదిలో అందరూ విన్నారు. "నాకు తెలుసమ్మా" అన్నాను. తెలియదు.

పదకొండు నిమిషాలు పట్టింది. వేళ్ళతో అయితే రెండు నిమిషాల పని. రోగి బాగానే ఉన్నాడు. ఎప్పుడూ బాగానే ఉంటారు.

మార్చి 11, మంగళవారం

దుప్పటి పెద్దమ్మ వచ్చింది. రోగిగా వచ్చింది, అంతేగానీ మా ఆసుపత్రి మనిషే. లాండ్రీ అంతా ఆవిడ చేతిలో ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నా తెల్లకోటు మీద సిరా మరక చూసి, ఊరంతా వినేలా తిట్టి, కోటు లాక్కుని ఉతికిచ్చింది. పెద్ద డాక్టర్లు కూడా ఆవిడ ఎదుట చేతులు తుడుచుకునే నిలబడతారు.

ఎడమ కాలు. పాదం చల్లగా, రంగు లేకుండా ఉంది. చిటికెన వేలు నల్లబడింది. నడిస్తే పిక్క పట్టేస్తోందని రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదట. ఇప్పుడు పడుకున్నా నొప్పే.

"ముందే ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"చెప్తే మంచమెక్కిస్తారు. మీ దుప్పట్లు ఎవరుతుకుతారు?"

మోకాలి కింద నుంచి మడమ దాకా పూర్తిగా మూసుకుపోయింది. పాదం మీద వేళ్ళు పెట్టి వెతికాను. చాలాసేపు వెతికాను. నాడి లేదు.

మార్చి 13, గురువారం

గజ్జ నుంచి దిగాను. దారి చక్కగా పడింది. మోకాలి దాకా వైరు హాయిగా వెళ్ళింది. అక్కడ గోడ. రెండున్నర గంటలు రకరకాల వైర్లతో పొడిచాను. ప్రతిసారీ పక్కకు పోతుందే తప్ప లోపలికి వెళ్ళదు. ఆపేశాను.

ఎముకల డాక్టర్ ఫిల్ము చూశాడు. మంచివాడే, చెయ్యి మంచిది. "మేడమ్, ఇంకా ఆలస్యం చేస్తే విషం పైకి ఎక్కుతుంది. వచ్చే గురువారానికి రాసుకుంటున్నాను, మోకాలి కింద తీసేద్దాం," అన్నాడు. గోడ మీది బోర్డు మీద రాశాడు కూడా. ఇరవయ్యో తేదీ, ఎడమ కాలు.

ఈ మెట్ల మీద ఆవిడ దిగని రోజు లేదు. చంకలో కర్రలతో ఊహించుకోలేకపోతున్నాను.

మార్చి 14, శుక్రవారం

పొద్దున్నే చుక్కమ్మ నా గదికి పరుగెత్తుకొచ్చింది. "ఒకసారి రండి మేడమ్," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. పెద్దమ్మ మంచం పక్కనే స్కాన్ యంత్రం. చీలమండ లోపలి వైపు ప్రోబ్ పెట్టింది. తెర మీద బియ్యపు గింజ మందాన ఒక నల్ల చుక్క. నొక్కితే నలగలేదు.

"పక్క దారుల్లోంచి కొద్దిగా రక్తం వస్తోంది. ఇది బతికే ఉంది మేడమ్. పైనుంచి గోడ దాటలేకపోతే కిందినుంచి..."

సరిగ్గా అదే చోట నా రెండు వేళ్ళూ పెట్టాను. కళ్ళు మూసుకుని వెతికాను. ఏమీ లేదు. కళ్ళు తెరిస్తే తెర మీద అది ఉంది. మూస్తే లేదు. అలా నాలుగుసార్లు చేశాను. చుక్కమ్మ ప్రోబ్ కదపకుండా పట్టుకుంది.

పాదం దగ్గర సూది వేసి కిందినుంచి పైకి ఎక్కడం ఉందని తెలుసు, ఒకళ్ళు చేస్తుంటే చూశాను కూడా. నేనెప్పుడూ చెయ్యలేదు. పెద్దమ్మకు దాచకుండా చెప్పాను. కొత్త పని, కుదరకపోవచ్చు, కుదరకపోతే గురువారం కాలు పోతుంది. తెర మీద నాళాన్ని చూస్తూ సూది వేస్తాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"చూసి పొడుస్తానంటే భయమెందుకే తల్లీ? అంటే ఇన్నాళ్ళూ చూడకుండా పొడిచావా ఏంటి?"

మంచం పక్కనున్న ఆవిడ కూతురు నవ్వింది. నర్సులు నవ్వారు.

మార్చి 15, శనివారం

ఫిల్ము చూశాను. తాళాల ఆయనది.

సూది వెయ్యడానికి ముందు గుర్తు కోసం తీసిన ఎక్స్‌రే బొమ్మ ఒకటి ఉంది. నా సూది అప్పటికే చర్మం మీద ఆని ఉంది. ఎముక గుండ్రానికి రెండు వేళ్ళ పైన. నేను అక్కడే పెట్టాను. అక్కడే దించాను. లావుపాటి మనిషి, నాడి పైన బాగా పలికింది, నేను దాన్ని నమ్మాను. సూది జరిగిందీ లేదు, ఎగిరిందీ లేదు.

వార్డుకు వెళ్ళాను. ఆయన దిండుకు ఆనుకుని ఒక పాత తాళాన్ని స్పూనుతో కెలుకుతున్నాడు. ఆసుపత్రి అల్మారాదట, నర్సు బాగుచెయ్యమని ఇచ్చిందట.

"ఆ రోజు మీరు దగ్గలేదు కదా?" అన్నాను.

ఆయన తాళం పక్కన పెట్టాడు.

"లేదమ్మా. కదలొద్దన్నారని ఊపిరి కూడా బిగబట్టాను. తర్వాత మీరు 'దగ్గారు, దగ్గారు' అని అంత గట్టిగా చెప్తుంటే, నిజంగానే దగ్గానేమో అనుకున్నాను. మా ఆవిడతో కూడా చెప్పాను, నా దగ్గు వల్లే ప్రాణం మీదకొచ్చిందని. రెండు వారాలుగా నన్ను తిడుతోంది."

సిగ్గుతో చచ్చిపోయాను. సూది తప్పు చోట వేసింది నేనేనని, క్షమించమని, ఆయన భార్య వచ్చేదాకా కూర్చుని ఆవిడకూ చెప్పాను. ఆవిడ నన్ను తిట్టింది. బాగా తిట్టింది. పూర్తిగా తిట్టనిచ్చాను. ఆయనే మధ్యలో "ఇక చాల్లే, మూసింది కూడా ఆవిడేగా" అన్నాడు.

రిపోర్టు తెప్పించి 'రోగి దగ్గడం వలన' కొట్టేశాను. పైన నా చేత్తో 'డాక్టర్ సూదిని ఎత్తుగా వేయడం వలన' అని రాసి సంతకం చేశాను. పెద్దాయన టేబుల్ మీద పెట్టాను. ఆయన చదివి, తల ఎత్తకుండా, "మంగళవారం నీకు ల్యాబ్ పొద్దున్నే ఇస్తాను. పెద్దమ్మ కాలు చూడు," అన్నారు.

ఇంటికొచ్చి మా ఆయనకు మొత్తం చెప్పాను. కమిటీ వెయ్యలేదు.

మార్చి 16, ఆదివారం

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జెలటిన్ దిమ్మ. ఈసారి గొట్టం బదులు సన్నటి స్ట్రా. నలభైసార్లు గుచ్చాను. ముప్పై ఒకటి సరిగ్గా పడ్డాయి. మొన కనిపించకపోతే సూదిని ముందుకు తొయ్యకూడదు. ప్రోబ్ కదిపి మొనను వెతుక్కోవాలి. తొయ్యకూడదు, వెతుక్కోవాలి.

మార్చి 17, సోమవారం

యాభై సార్లు. నలభై ఏడు.

మార్చి 18, మంగళవారం

గెలిచాం. ముందు అది రాశాను, మిగతాది తర్వాత.

పెద్దమ్మ మెలకువగానే ఉంది, గజ్జకూ చీలమండకూ మాత్రమే మత్తు. పడుకుంటూనే తన ఒంటి మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ అంచు పట్టుకుని చూసి, ఇది మన లాండ్రీలో ఉతికింది కాదని చెప్పేసింది. గజ్జలో చీలికకు పైన, మొన చూస్తూ, మొదటిసారికే దారి దొరికింది. మూడు నిమిషాలు. వైరు మీద సన్నటి గొట్టాన్ని మోకాలి దాకా పంపి అక్కడ గోడ దగ్గర ఆపాను.

తర్వాత పాదం. ఎడమ చేతిలో ప్రోబ్, కుడి చేతిలో వెంట్రుక లాంటి సూది. చుక్క ఎటుందో నేనే పైకి చెప్పాను, చుక్కమ్మ నవ్వింది. మొదటి పోటు తప్పింది. నాళం పక్కకు జారి ముడుచుకుపోయింది. బియ్యపు గింజ కాస్తా ఆవగింజ అయింది. అది మళ్ళీ విచ్చుకునేదాకా మందు వేసి ఆగాం. ఎముకల డాక్టర్ అద్దం అవతల నిలబడి చూస్తున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు కానీ తెలుసు.

రెండో పోటు. తెల్లటి మెరుపు కనిపించింది. నాకు మొననే అనిపించింది. నూటికి నూరు పాళ్ళూ అనిపించింది.

"నడుం, మేడమ్."

చెయ్యి ఆపేశాను. అక్కడే ఆపేశాను. ఇదివరకటి నేనైతే కసురుకుని తోసేదాన్ని, నాళం అవతలి గోడ చీలిపోయేది, అంతటితో ఆ కాలు కథ ముగిసేది. సూది కదపకుండా ప్రోబ్‌ను మాత్రం అటూ ఇటూ వాల్చాను. దొరికింది. నేననుకున్న చోటికి ముందు, నాళం పై గోడ మీద, ఒక్క తెల్లటి నలుసు. కాస్త నొక్కాను. గోడ సొట్టపడింది. ఇంకాస్త. సొట్ట విడిపోయింది, నలుసు సరిగ్గా నల్ల గుండ్రం మధ్యలో ఉంది.

సూది వెనక రక్తపు బొట్టు ఉబికింది. చిమ్మలేదు, మెల్లగా పూసలా ఉబికింది. అంత అందమైన బొట్టు నేనీ జన్మలో చూడలేదు.

కిందినుంచి వైరు పంపాను. పైనుంచి రాయిలా నిలబడిన గోడ కిందినుంచి మెత్తగా ఉంది. ఇరవై నిమిషాల్లో దాటింది. పైన కాచుక్కూర్చున్న గొట్టంలోకి దాన్ని ఎక్కించడం మాత్రం చత్వారం వచ్చినవాళ్ళు సూదిలోకి దారం ఎక్కించినంత పనైంది. ఎక్కింది. ఆ వైరు మీద బెలూన్ పంపి, మోకాలి నుంచి మడమ దాకా అంగుళం అంగుళం విప్పాను.

ఎక్స్‌రేలో కనిపించే రంగు మందు వదిలాం. తెర మీద అది మోకాలు దాటింది. పిక్క దాటింది. చీలమండ దాటింది. పాదంలోకి వెళ్ళి వేళ్ళ దాకా కొమ్మలు కొమ్మలుగా పరుచుకుంది.

అందరం అరిచాం. నేను అందరికంటే గట్టిగా అరిచాను. అద్దం అవతల ఎముకల డాక్టర్ చప్పట్లు కొడుతున్నాడు. చుక్కమ్మ ఏడుస్తోంది. గుడ్డ కింద నుంచి పెద్దమ్మ గొంతు:

"ఎందుకలా అరుస్తున్నారే? నా కాలు పోయిందా ఏంటి?"

"పోలేదు పెద్దమ్మా. వచ్చింది."

మార్చి 19, బుధవారం

పాదం వెచ్చగా ఉంది. మూడుసార్లు వెళ్ళి పట్టుకు చూశాను. నాలుగోసారి పెద్దమ్మ కసిరింది.

మార్చి 20, గురువారం

బోర్డు మీద 'ఎడమ కాలు' అన్నది ఎముకల డాక్టరే స్వయంగా తుడిచి 'చిటికెన వేలు' అని రాశాడు. పది నిమిషాల పని. నల్లబడిన వేలు ఒక్కటే తీశాడు. అంచున ఎర్రటి రక్తం వచ్చిందని ఫోన్ చేసి మరీ చెప్పాడు. "తుడిచే కొద్దీ వస్తోంది మేడమ్!" అంటున్నాడు, లాటరీ తగిలినవాడిలా. రక్తం కారుతోందని ఒక సర్జన్ సంబరపడడం, అది విని నేను ఎగిరి గంతెయ్యడం. మా వృత్తే అంత.

మార్చి 24, సోమవారం

పెద్దాయన కొత్తగా వచ్చిన ముగ్గురిని నా దగ్గరికి పంపారు, స్కాన్ చూస్తూ సూది వెయ్యడం నేర్పమని. చుక్కమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పాఠం తను చెప్తుందని, నేను కూడా ఇక్కడే నేర్చుకున్నానని చెప్పాను. ఒక కుర్రడాక్టర్, "మీకు అవసరం లేదనుకున్నాం మేడమ్, మీ వేళ్ళకు..." అని మొదలుపెట్టాడు. తాళాల ఆయన కేసు మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. దగ్గుతో సహా.

ఏప్రిల్ 2, బుధవారం

ఈరోజు పెద్దమ్మను ఇంటికి పంపాం.

చక్రాల కుర్చీ తెస్తే దాన్ని అటెండర్‌కే ఇచ్చి కూర్చోమంది. ముందు లాండ్రీ చూసుకుని అటునుంచి వెళ్తానంది. వార్డు నుంచి లాండ్రీకి పొడుగాటి వరండా. పాదానికి కట్టు, మెత్తటి చెప్పు, పక్కన నేను చెయ్యి పట్టుకుని. ఇన్నాళ్ళూ దాచిన రహస్యం అప్పుడు చెప్పింది. రెండేళ్ళుగా ఈ వరండాలో మూడుచోట్ల ఆగేదట. నొప్పి తగ్గేదాకా నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడేదట.

"ఆ బోర్డంతా నాకు కంఠతా వచ్చే. ఎలుకల మందు ఏ వారం కొడతారో, ఎవరి సైకిల్ పోయిందో, అన్నీ చెప్తా అడుగు."

నేను ఆ దారిన రోజుకు పదిసార్లు నడిచాను. కాళ్ళ డాక్టర్‌ను. ఆవిడ బోర్డు ముందు నిలబడడం ఎన్నోసార్లు చూశాను. చదువు మీద ఇష్టం కాబోలు అనుకున్నాను.

బోర్డు దగ్గరికి వస్తున్నాం. నాకు తెలియకుండానే చెయ్యి గట్టిగా పట్టుకున్నట్టున్నాను.

"వదులు తల్లీ. నీ నడకతో పోతే నేను రేపటికి చేరతా."

వదిలాను. ఆవిడ నడిచింది. ఆగలేదు. బోర్డు వైపు తలైనా తిప్పలేదు. కొంచెం ఎడమకు వాలుతూ, కట్టుకాలు టపటపా వేస్తూ, నన్ను దాటి వెళ్ళిపోయింది. లాండ్రీ తలుపు ఇంకా ఇరవై అడుగులుండగానే గొంతెత్తింది: "ఎవరే ఈ దుప్పట్లు తడి ఆరకుండా మడతపెట్టింది?" లోపల నుంచి ఆడవాళ్ళంతా ఒక్కసారి కేకలు వేస్తూ బయటికి పరుగెత్తుకొచ్చారు.

వెనక ఎవరో వస్తున్న చప్పుడైంది. కళ్ళు తుడుచుకునే వ్యవధి లేదు. గబుక్కున బోర్డు వైపు తిరిగి, ఎలుకల మందు నోటీసు చాలా శ్రద్ధగా చదువుతున్నట్టు నిలబడ్డాను.